మంచు కొండ జారితే

సాయంత్రం వేళ. క్రోసూరులో ఒక మిరప కల్లం. పట్టాల మీద కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఒక అత్తగారు పేపరు చదువుతోంది. ఆమె ఈ మధ్యే చదవటం నేర్చుకుంది. కూడబలుక్కుని పైకే చదివింది.

"మం... చు... చ... రి... య... లు."

ఆమె ముఖం చిన్నబోయింది. ఎండాకాలంలో ఆమె కేదారనాథ్ యాత్రకు వెళ్లాలి. వీధిలో ఆడవాళ్లంతా కలిసి రెండేళ్లుగా డబ్బు కూడబెట్టుకున్నారు.

కోడలి తమ్ముడు సైన్యంలో జవాను. సెలవు మీద వచ్చాడు. ఆమె అతన్ని అడిగింది.

"మంచంటే దూది లాంటిదే గదా అబ్బాయ్! అది పడితే మనుషులు చచ్చిపోవటమేంది?"

"అత్తా, దూది తేలికే. మరి పత్తి బోరెం మీద పడితే? వెయ్యి బోరేలు ఒక్కసారే పడితే?"

ఆమె మాట్లాడలేదు.

జవాను ఒక పట్టా అంచు పట్టుకున్నాడు. మెల్లగా పైకి లేపాడు. కాయలు కాసేపు కదలలేదు. ఇంకొంచెం లేపాడు. అంతే, కుప్ప మొత్తం ఒక్కసారే జర్రున జారింది.

"చూశారా అత్తా! పాత మంచు గట్టిపడి నున్నగా ఉంటుంది. అది ఈ పట్టా లాంటిది. దాని మీద కొత్త మంచు పడుతుంది. అది ఈ కాయల లాంటిది. ఒక్కోసారి ఆ రెంటి మధ్యా మంచు పంచదార పలుకుల్లా పొడిపొడిగా ఉంటుంది. అది పై బరువును ఆపలేదు. ఒక మనిషి కాలు పెట్టినా చాలు, జారిపోతుంది."

దీన్నే మంచు చరియలు విరిగిపడటం అంటారు. పెంకుటింటి కప్పంత వాలు గానీ, అంతకు కొంచెం ఎక్కువ గానీ ఉన్న చోట ఇది ఎక్కువగా జరుగుతుంది.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో ఇలాగే జరిగింది. అది 19 వేల అడుగుల కంటే ఎత్తు. పది మంది జవాన్లు మంచు కింద పడిపోయారు. వారిలో ముస్తాక్ అహ్మద్ మన తెలుగువాడు. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె ఆయన ఊరు. కర్ణాటకకు చెందిన హనుమంతప్ప ఆరో రోజు ప్రాణంతో దొరికాడు. కానీ ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో చనిపోయాడు.

చలికాలం మొదట్లో పడే కొత్త మంచు కూడా ప్రమాదమే. సవితా కన్స్వాల్ 2022 మే నెలలో ఎవరెస్టు ఎక్కింది. అదే ఏడాది అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో మంచు చరియ కింద పడి చనిపోయింది. కొండలెక్కటం నేర్చుకునే వాళ్లతో కలిసి ఆమె వెళ్లింది. ఆ రోజు 25 మందికి పైగా చనిపోయారు. ఎంత నేర్పు ఉన్నా మంచు ముందు జాగ్రత్త తప్పదు.

"మరి ఎట్టా తెలుస్తదయ్యా, జారుతుందని?" అని అత్తగారు అడిగింది.

జవాను గుర్తులు చెప్పాడు.

ఒకటి: ఒకటి రెండు రోజుల్లో బాగా కొత్త మంచు పడటం.
రెండు: గాలి మంచును ఎగరేసి ఒక పక్కన పోగు చేయటం.
మూడు: ఉన్నట్టుండి ఎండ కాయటం, లేదా వాన పడటం.
నాలుగు: కాలు పెడితే "ధుమ్" మని లోపల చప్పుడు రావటం, మంచు మీద పగుళ్లు పడటం.
ఐదు: దగ్గరలో మరో చోట చరియలు జారి ఉండటం.

ఇవి కనబడితే వెనక్కి తిరగాలి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటాలి. మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి చూస్తుండాలి. వాలు కింద కూర్చోకూడదు, ఫొటోల కోసం ఆగకూడదు.

ఎవరైనా మంచులో కూరుకుపోతే వెంటనే తీయాలి. పది నిమిషాల లోపు తీస్తే బతికే వీలు ఎక్కువ. అరగంట దాటితే బాగా తగ్గిపోతుంది. కూరుకుపోయేవాళ్లు చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోవాలి. అప్పుడు ఊపిరికి కాస్త చోటు దొరుకుతుంది. జారి ఆగిన మంచు సిమెంటులా బిగిసిపోతుంది. అందుకే కొండలెక్కే వాళ్లు పార, పొడవాటి కడ్డీ, జాడ తెలిపే చిన్న యంత్రం వెంట ఉంచుకుంటారు.

"అయితే నేను యాత్ర మానుకోవాల్నా?" ఆమె గొంతు వణికింది.

"మానుకోవద్దత్తా. ముందుగా పేర్లు నమోదు చేయించుకోండి. దారిలో పోలీసులు ఆపితే ఆగండి. అడ్డదారి తొక్కవద్దు. మన వాగు పొంగితే ఏం చేస్తాం?"

"నీళ్లు తీసేదాకా ఒడ్డునే కూర్చుంటాం."

"అక్కడా అంతే!"

కోడలు నవ్వింది. "అత్తా, మాలావత్ పూర్ణ సంగతి మరిచిపోయావా? నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ముందు భువనగిరి కొండ మీద నేర్చుకుంది. ఆ తర్వాతే మంచు కొండకు వెళ్లింది."

అత్తగారు పేపరు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఉండండి. ఈ వార్త ఆఖరు దాకా చదువుతా. రేపు మనవాళ్లందరికీ నేనే చెప్పాలి."

ఆలోచించండి – చెప్పండి

1. పట్టా మీది కాయలు ఎందుకు జారాయి?
2. మంచు జారుతుందని తెలిపే గుర్తులు మూడు చెప్పండి.
3. మీ ఊరి వాగు పొంగినప్పుడు ఎవరైనా తొందరపడి దాటారా? ఏం జరిగింది?

చూసి రాయండి: మంచు, చరియ, వాలు, గుర్తు, జాగ్రత్త, ప్రాణం.