ఊరేగింపు బండికి విద్యుద్బలము



వినాయక చవితికి ముందే నీ వ్యానునకు పెద్ద బ్యాటరీ వేయించి, నిమజ్జనమునాడు దీపాలంకరణతోను భజన మైకుతోను ధూల్‌పేట విగ్రహమును హుస్సేన్‌సాగరము వఱకు నడిపింప సంకల్పించితివని జాబు వలన తెలిసి సంతసించితిని. పురానాపూల్ దర్వాజా చెంతనున్న మెకానిక్కు నూరు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్నచో దిగులులేదని చెప్పెననియు వ్రాసితివి. ఆ మాట విని తొందరపడి డబ్బు కట్టవద్దు.

బ్యాటరీ విద్యుత్తును దాచునదే గాని పుట్టించునది కాదు. సెల్ఫు కొట్టి ఇంజను లేవగానే దాని పని చాలవఱకు ముగియును; అటుపిమ్మట దీపములను, మైకును మోయుచు, బ్యాటరీ కోల్పోయినదానిని మరల నింపవలసిన భారమంతయు ఆల్టర్నేటరుదే. దానిపై 75 ఆంపియర్లని చెక్కియున్న అంకె ఇంజను వేగముగా తిరుగునప్పటి శక్తిని తెలుపును. ఐడిల్‌లో అందులో సగమిచ్చినను గొప్పయే. శ్రీశైలము రోడ్డున పోవువానికి ఈ భేదము పట్టదు. నీ బండి పోవునది బేగంబజారు, మొజంజాహీ మార్కెట్టు మీదుగా, అడుగడుగునకు ఆగు జనసందోహములో గదా! భారము హెచ్చుగా నుండు ఆ రాత్రియే ఆల్టర్నేటరు మిక్కిలి బలహీనముగా నుండును.

కావున ముందు కాగితము తీసి లెక్క వేయుము. పరికరములపై వ్రాసిన వాట్లను కూడి 13.5 వోల్టులతో భాగించిన ఆంపియర్లు తేలును. అలంకరణ దీపములకు 250, ఆంప్లిఫయరునకు 350, హెడ్‌లైట్లకు 110 అనుకొందము: మొత్తము 710 వాట్లు, అనగా సుమారు 53 ఆంపియర్లు, ఇంజను సొంత అవసరములకు ఇంకొక పది. ఇట్లు 63 కావలసినచోట 38 మాత్రమే పుట్టుచున్నచో, తక్కిన 25 బ్యాటరీనుండి పోవుచు, నాలుగు గంటలలో నూరు ఆంపియర్-అవర్లు హరించును. నూరు అని వ్రాసిన బ్యాటరీ, ఐదు ఆంపియర్ల చొప్పున ఇరువది గంటలు తీసినప్పుడు మాత్రమే నూరు. ఉద్ధృతముగా లాగిన అంత ఈయదు. పైగా సెల్ఫునకై చేసిన బ్యాటరీని మాటిమాటికి సగమునకు దిగువకు దింపిన, సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి అది అకాలమున చచ్చును. అంగడిలో నీవు "ఎన్ని ఆంపియర్లు?" అని అడుగుటతో ఆగక, "ఐడిల్‌లో ఎన్ని?" అని అడుగవలెను, ఆర్‌పీఎం వారీ పట్టిక చూపలేనివానివద్ద కొనవద్దు.

భారము తగ్గించుకొనుటయు ఒక మార్గమే. అలంకరణకు ఎల్‌ఈడీలు వాడుము. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి గనుక, వేయి వాట్ల ఆంప్లిఫయరు ఊసే నీకక్కఱలేదు. భజనకు చిన్నది చాలును.

తీగల విషయమున మాత్రము లోభము పనికిరాదు. పది చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నాలుగు మీటర్ల పొడవున 60 ఆంపియర్లను మోసిన, దాదాపు 0.4 వోల్టు తీగలోనే వేడిగా వ్యర్థమగును. 35 చదరపు మిల్లీమీటర్ల తీగయందు అది 0.12కు దిగును. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి పోవు తీగతోపాటు ఇంజనునకును చాసిస్‌కును నడుమనున్న ఎర్త్ తీగను కూడ మార్పించుము. పలువురు దానిని మఱతురు. బ్యాటరీ ప్లస్సునకు జానెడు దూరములోనే ఫ్యూజు నుండవలెను. కాగితపు తోరణములు, జరీ గుడ్డలు వ్రేలాడు బండిలో, రేకుకు రాచుకొని తొడుగు ఊడిన ఫ్యూజు లేని తీగ ఎంతటి ప్రమాదమో నీవే ఊహింపుము. బండి క్రొత్తదై, బ్యాటరీ మైనస్సుపై సెన్సారున్నచో, నీ పరికరముల ఎర్త్‌ను దానిపై బిగింపక చాసిస్‌కే బిగింపుము. లేనిచో కంప్యూటరు ఛార్జి లెక్క తప్పును.

ఇక బ్యాటరీ. తిరుపతి చెంత కరకంబాడిలో తయారగునదైనను, మఱొకటైనను, తయారీ నెల చూచి క్రొత్తదే కొనుము. మన గ్రీష్మపు వేడిమి సీసపు పలకలను త్వరగా తినివేయును గనుక జుమ్మెరాత్ బజారులో చౌకగా దొరకు పాతదానిపై ఆశ వలదు. ఏజీఎం రకము లోతైన ఖర్చునకు ఓర్చుకొనును, కాని ఇంజను వేడిని సహింపదు. పాత బ్యాటరీని అంగడివానికే అప్పగింపుము, అందలి సీసము విషము.

అంతయు బిగించిన పిమ్మట, ఇంజను ఐడిల్‌లో నుంచి, దీపములు, మైకు అన్నియు వేసి, పావుగంట తరువాత మీటరు పెట్టి బ్యాటరీ కొసలయందు చూడుము. 13.8కు తగ్గకున్నచో నిశ్చింతగా బయలుదేరుము. 13కు దిగినచో పరికరము ఒక్కొక్కటే ఆపుచు, అంకె ఏ దానితో లేచునో గుర్తించి నాకు వ్రాయుము.

ఇట్లు, మీ మామయ్య.