మూగబోయిన రేడియో: లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు సరఫరా, మొబైల్ సేవలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అలాంటి వేళ బ్యాటరీలతో నడిచే చిన్న రేడియో ఇంటికి వార్తలు, హెచ్చరికలు చేరవేస్తుంది. అయితే అవసరమైన రోజున అది పలకాలి కదా! అటక మీద మూగగా పడి ఉన్న రేడియోలో తరచుగా ఏదో ఒక్కచోట మాత్రమే లోపం ఉంటుంది. ఆ చోటును గుడ్డిగా కాకుండా, ఒక క్రమంలో వెతకాలి.

సంకేతం నడిచే దారి

మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియోలో ఫెరైట్ కడ్డీకి చుట్టిన సన్నని తీగచుట్ట రేడియో తరంగాలను అందుకుంటుంది. హైదరాబాద్ శ్రోతలకు చిరకాలంగా తెలిసిన 738 కిలోహెర్ట్జ్‌నే తీసుకుందాం. ముల్లును అక్కడికి తిప్పినప్పుడు సెట్ లోపలి ఆసిలేటర్ 1193 కిలోహెర్ట్జ్ వద్ద కంపిస్తుంది. ఈ రెండింటినీ కలిపితే వాటి తేడా అయిన 455 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తుంది. ఏ స్టేషన్‌కు తిప్పినా ఈ తేడా దాదాపు మారదు. దాన్ని పెంచి, అందులోంచి మాటను, పాటను డిటెక్టర్ వేరు చేస్తుంది. అక్కడి నుంచి వాల్యూమ్ కంట్రోల్, ఆడియో యాంప్లిఫయర్, చివరికి స్పీకర్. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా రేడియో మూగబోతుంది.

నిశ్శబ్దం ఒకటే కాదు

స్విచ్ వేసినప్పుడు ‘టప్’మనే చిన్న చప్పుడు కూడా లేకపోతే కరెంటు అందడం లేదని ముందుగా అనుమానించాలి. సన్నని గరగర వినిపిస్తూ స్టేషన్లు మాత్రం రాకపోతే స్పీకర్, ఆడియో యాంప్లిఫయర్ బాగున్నట్టే. ఇయర్‌ఫోన్‌లో వినిపించి స్పీకర్‌లో వినిపించకపోతే లోపం స్పీకర్‌లోనో, ఇయర్‌ఫోన్ సాకెట్‌లోనో ఉంటుంది.

ముందు బ్యాటరీలు

బయటకు తీసి కొలిస్తే అరిగిపోయిన బ్యాటరీ కూడా మంచి వోల్టేజి చూపించవచ్చు. పాతబడే కొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది కాబట్టి, కరెంటు లాగినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. అందుకే రేడియో ఆన్‌లో ఉండగా కొలవాలి. నాలుగు బ్యాటరీల సెట్‌లో 6 వోల్టులు ఉండాల్సిన చోట స్విచ్ వేయగానే 4కు పడిపోతే వాటిని మార్చాల్సిందే. స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే, బ్యాటరీలోని రసాయనం కారి లోహాన్ని తినేసిందని అర్థం. గ్లవ్స్ వేసుకుని, సన్నని గరుకు కాగితంతో రుద్ది తుడిస్తే చాలాసార్లు ప్రాణం వస్తుంది.

స్పీకర్, సాకెట్

స్పీకర్ తీగ ఒకటి విడదీసి, దాని రెండు కొసలకు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించాలి. ‘టక్’మంటే తీగచుట్ట బాగుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 8 ఓమ్‌ల స్పీకర్ దాదాపు 7 చూపిస్తుంది. ఇది లోపం కాదు. 8 అన్నది మారే సంకేతానికి ఎదురయ్యే అవరోధం; మీటర్ కొలిచేది తీగ నిరోధాన్ని మాత్రమే. స్పీకర్ బాగుంటే సాకెట్ చూడాలి. ఇయర్‌ఫోన్ పెట్టగానే స్పీకర్‌ను వేరుచేసే చిన్న రేకు అందులో ఉంటుంది. దానికి చిలుము పడితే ఇయర్‌ఫోన్ తీసేసినా స్పీకర్ కలవదు. ప్లగ్‌ను పదిసార్లు పెట్టి తీస్తే ఒక్కోసారి సరిపోతుంది.

సగానికి సగం

ఇంకా పలకకపోతే గొలుసును మధ్యలో పరీక్షించాలి. ఆ మధ్య చోటే వాల్యూమ్ కంట్రోల్. వాల్యూమ్ పెంచి, దాని నడిమి కొసను స్క్రూడ్రైవర్ మొనతో తాకాలి, వేలు లోహానికి తగిలి ఉండాలి. బుర్రుమనో టక్కుమనో చప్పుడొస్తే అక్కడి నుంచి స్పీకర్ దాకా అంతా క్షేమం. లోపం వెనక్కి, యాంటెన్నా వైపు ఉంది. రాకపోతే ఆడియో భాగంలో ఉంది. ఒక్క తాకిడితో వెతకాల్సిన చోటు సగమైంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 8 దశల్లో లోపమున్న దశను 3 పరీక్షల్లోనే పట్టుకోవచ్చు.

యాంటెన్నా వైపు అనుమానం మిగిలితే ఆసిలేటర్‌ను మరో మంచి రేడియోతో పరీక్షించవచ్చు. రెండింటినీ పక్కపక్కన ఉంచి, మంచిదాన్ని 1193 దగ్గర పెట్టి, మూగ రేడియో ముల్లును 738 చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. మంచి రేడియోలో ఈల వినిపించినా, గరగర ఒక్కసారిగా తగ్గినా ఆసిలేటర్ పనిచేస్తున్నట్టే. ఆ తర్వాత ఫెరైట్ కడ్డీ మీది వెంట్రుకలాంటి తీగ ఎక్కడైనా తెగిందేమో చూడాలి.

తొందరపడకూడని చోట్లు

చిన్న లోహపు డబ్బాల్లో కనిపించే రంగురంగుల మరలను తిప్పకూడదు. ఉన్నట్టుండి మూగబోయిన రేడియోకు సాధారణంగా అవి కారణం కావు. కదిపితే 455కు కుదిర్చిన అమరిక చెదిరిపోతుంది. ఈ పరీక్షలన్నీ బ్యాటరీ సెట్లకే. గోడ ప్లగ్‌తో నడిచేవాటిలో, ముఖ్యంగా వాల్వు రేడియోల్లో, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. వాటిని మెకానిక్‌కే వదిలేయాలి.

రేడియోను విప్పే ముందు మరొకటి గుర్తుంచుకోవాలి. ఇటీవలి కాలంలో కొన్ని మీడియం వేవ్ ప్రసారాలు ఆగిపోయాయి, కాబట్టి స్టేషన్ లేకపోవడం సెట్ తప్పు కాకపోవచ్చు. చీకటి పడ్డాక, ఆరుబయట ముల్లును మెల్లగా తిప్పి చూడాలి. రాత్రివేళ మీడియం వేవ్ తరంగాలు అయానావరణం నుంచి తిరిగివచ్చి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. దూరపు స్టేషన్ ఒక్కటి పలికినా రేడియో బతికే ఉన్నట్టు. ఈ పరీక్ష తుపాను రాకముందే చేసుకోవడం మేలు. వాడనప్పుడు బ్యాటరీలు తీసి విడిగా ఉంచితే వచ్చే ఏడాది స్ప్రింగులు రుద్దే పని ఉండదు.