కొత్తోళ్లతో స్క్వాడ్ నడపడం ఎట్లా?

బీజీఎంఐ ఆడటం నేర్పే వీడియోలు యూట్యూబ్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. సెన్సిటివిటీ ఎంత పెట్టాలి, ఏ గన్‌కి ఏ స్కోప్ బాగుంటుంది, ఎరాంగెల్‌లో ఎక్కడ దిగితే లూట్ దొరుకుతుంది, అన్నీ చెప్తారు. కానీ ఆట అసలే రాని ఇద్దరిని వెంటేసుకుని నలుగురినీ ఒక స్క్వాడ్‌గా ఎట్లా నడపాలో చెప్పేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. ఈ వ్యాసం దాని గురించే. ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లు కూడా చదవొచ్చు, మాకేం పట్టింపు లేదు.

మా ఫెస్ట్‌లో ఈసారి ఒక రూల్ పెట్టారు. ప్రతి స్క్వాడ్‌లో ఇద్దరు ఫస్టియర్ వాళ్లు ఉండాల్సిందే. అది వినగానే సీనియర్లలో సగం మంది మొహాలు మాడిపోయాయి. నాకు మాత్రం మంచి రూలే అనిపించింది. ఈ బ్యాచ్‌లో చాలామందికి ఆట రాకపోవడానికి కారణం ఉంది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ బ్యాన్ అయింది. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జూలైలో అది కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. అది తిరిగొచ్చేసరికి వీళ్లు పెట్టె సర్దుకుని ఇంటర్ హాస్టళ్లకు పోతున్నారు. అక్కడ ఫోన్ అంటే ఆదివారం ఇంటికి చేసుకునే ఐదు నిమిషాల కాల్. మరి ఆట ఎక్కడ నేర్చుకుంటారు?

మాకు వచ్చిన ఇద్దరిలో ఒకడు మంథని దగ్గరి ఊరివాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి రోజు నాలుగు మ్యాచ్‌లు ఆడితే నాలుగింట్లోనూ మైక్ ఆఫ్. ఎందుకు తమ్మీ అంటే చెప్పలేదు. రెండో రోజు మెల్లగా చెప్పాడు: రాండమ్ స్క్వాడ్‌లతో ఆడినప్పుడు ఎవరో హిందీలో, ఇంగ్లిష్‌లో "నూబ్, గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్" అని తిట్టారట. అప్పట్నుంచి మైక్ ముట్టలేదు. ఫెస్ట్‌కి మూడు వారాలుంది. నాకైతే అసలు పని వీడి చేత గన్ పట్టించడం కాదు, మైక్ ఆన్ చేయించడం అనిపించింది.

నేర్పే పద్ధతి నాకు గేమింగ్ చానెళ్ల నుంచి రాలేదు. మా పెద్దనాన్న కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. అన్న మెకానికల్‌లో బీటెక్. పెద్దనాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక సింగరేణిలో ఆ ఉద్యోగం అన్నకొచ్చింది. బదిలీ వర్కర్‌గా బాయిలకు దిగాడు. (గోదావరిఖని బయటివాళ్ల కోసం: మేం బొగ్గు గనిని బాయి అంటాం. నీళ్ల బాయి వేరే, అయోమయం వద్దు.) డిగ్రీ ఉన్నా అక్కడ అన్న కొత్తోడే. కొత్తోణ్ని ఎట్లా తయారుచేస్తారో తన ఒంటి మీద చూసుకున్నాడు.

బాయిలకు దిగే ముందు వీటీసీలో, అంటే వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌లో, శిక్షణ ఉంటుంది. గనుల్లో ఈ శిక్షణకు 1966లోనే ప్రత్యేకంగా నిబంధనలు చేశారు. అది అయ్యాక కూడా ఒక్కణ్ని పనిలోకి తోసెయ్యరు, అనుభవం ఉన్నవాళ్ల వెంట పెడతారు. "వీటీసీల చెప్పింది నోట్‌బుక్‌ల ఉన్నది, చెవులకెక్కింది మాత్రం సీనియర్ పక్కన నిలబడ్డంకనే" అంటాడు అన్న. చెవులకే ఎందుకంటే, పైకప్పును కర్రతోనో రాడ్‌తోనో తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలితో కొట్టి చూసినట్టే. ఆ తేడా పుస్తకంలో రాస్తే రాదు. సీనియర్ తడతాడు, "ఏమంటుంది?" అని అడుగుతాడు, కొత్తోడు చెప్తాడు. మళ్లీ తడతాడు, మళ్లీ అడుగుతాడు.

దీన్నే నేను ఆటలోకి తెచ్చాను. మొదటి వారం మంథని తమ్ముడికి ఒకే ఒక్క పని: వినడం. గన్ పేల్చకపోయినా ఫర్వాలేదు, ఒక్క కిల్ రాకపోయినా ఫర్వాలేదు. అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తుందో చెప్పాలి, అంతే. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, స్పీకర్‌లో ఆడితే కుడి ఎడమ తెలియవు. ఏదైనా ఇంట్లో ఆగి "ఏమంటుంది?" అని అడిగేవాణ్ని. "మెట్ల మీద అన్నా." "ఎక్కుతున్నడా, దిగుతున్నడా?" ఇట్లా. మూడో రోజుకల్లా మాకు వినబడనివి వాడికి వినబడటం మొదలైంది. మిగతా ముగ్గురం లూట్ గోలలో, కాల్పుల గోలలో ఉంటాం. వాడికి వేరే పని లేదు కదా!

రెండో ఫస్టియర్‌కి ఇచ్చిన పని మందుల సంచి. ఇందులో లెక్క ఉంది. బ్యాండేజ్ ఒక్కోటి 10 హెల్త్ ఇస్తుంది. ఫస్ట్ ఎయిడ్ 75 దాకా తెస్తుంది, ఆపైకి పోదు. మెడ్ కిట్ అయితే 100. పడిపోయినవాణ్ని లేపాలంటే 10 సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లు పడ్డవాడే కాదు, లేపేవాడు కూడా కదలలేడు. అంటే నలుగురి స్క్వాడ్ ఇద్దరైపోతుంది. లేచినవాడికి ఉండేది చిటికెడు హెల్త్, ఒక్క బుల్లెట్ తగిలితే మళ్లీ కింద. కొత్తోళ్లు సరిగ్గా ఇక్కడే ఆగలేరు. దోస్త్ పడగానే ఉరుకుతారు. మనసు మంచిదే కానీ, పడేసినవాడు అదే చోట గురిపెట్టి కూర్చుని ఉంటాడు. ముందు స్మోక్ వెయ్యాలి, పడ్డవాణ్ని గోడ చాటుకు పాకమనాలి, ఒకరు కాపలా ఉండాలి, అప్పుడు లేపాలి. ఈ వరసను వేర్‌హౌస్ టీడీఎంలో నేర్పలేం. అక్కడ చస్తే వెంటనే మళ్లీ పుడతారు, ఎవర్నీ లేపే అవసరమే రాదు. అందుకే కస్టమ్ రూమ్‌లో కావాలని ఒకరం పడిపోయి, మళ్లీ మళ్లీ అదే చేయించాం. బోరు కొట్టింది, కొట్టనీ.

ఇక భాష సంగతి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాలాంటివాడికి "ఎనిమీ, నార్త్ ఈస్ట్, టూ స్టోరీ హౌస్" అనడం అలవాటు. తమ్ముడికి ఆ మాటలు అర్థమవుతాయి కానీ, అర సెకను ఆలస్యంగా. చెప్పాల్సి వస్తే ఇంకో సెకను. నేను పూర్తి తెలుగులోకి మారదామనుకుంటే నాకు "డెబ్బై తొమ్మిది" అంటే ఎంతో ఆలోచించుకోవాలి (తెలుగు క్లబ్ మ్యాగజైన్‌లోనే ఈ మాట రాస్తున్నా, క్షమించండి). చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. స్క్రీన్ పైన కంపాస్‌లో కనబడే అంకె ఇంగ్లిష్‌లో, మిగతాదంతా తెలుగులో, వరస ఎప్పుడూ ఒకటే: అంకె, చోటు, ఎంతమంది. "టూ ఫార్టీ, చెట్టు ఎనక, ఇద్దరు." అంతకు మించి ఒక్క మాట వద్దు. "అన్నా అన్నా అన్నా కొడుతున్నడు" అంటే ఎవరు, ఎక్కడ?

అన్నకు ఇది చెప్తే నవ్వాడు. బాయి భాష అట్లాంటిదేనట. టబ్బు ఇంగ్లిష్‌ది, సర్దార్ ఉర్దూది, బాయి మనది. ఏది ఎక్కడిదని ఎవరూ అడగరు, చీకట్లో ఒకసారి చెప్తే అందరికీ తెలిసిపోవాలి, అంతే. ఈ ఒప్పందం కుదిరిన రోజే తమ్ముడి మైక్ పచ్చగా వెలిగింది.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది రెస్క్యూ టీమ్‌ల లెక్క. గోదావరిఖనిలో సింగరేణి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు సింగరేణి రెస్క్యూ టీమ్‌లు కూడా వెళ్లాయి, టీవీలో మీరూ చూసే ఉంటారు. విషవాయువు ఉన్నచోటికి పోయేటప్పుడు వీళ్లు వీపున శ్వాస పరికరం కట్టుకుంటారు. బీజీ-4 అనే రకం నాలుగు గంటలు పనిచేస్తుంది. కానీ అందరికీ ఒకేలా ఖర్చు కాదు. భయపడినవాడు, ఎక్కువ కష్టపడినవాడు ఎక్కువ పీలుస్తాడు. అందుకే కెప్టెన్ మధ్యమధ్యలో ఆగి అందరి గేజ్‌లు చూస్తాడు. వెనక్కి తిరగాల్సింది ఎప్పుడో తేల్చేది కెప్టెన్ గేజ్ కాదు, అందరికంటే తక్కువ ఉన్నవాడి గేజ్. వాడు కొత్తోడైనా సరే, పది మంది అనుభవం ఉన్నోళ్లు "ఇంకొంచెం పోదాం" అన్నా సరే.

మన స్క్వాడ్‌లలో జరిగేది దీనికి తలకిందులు. లీడర్ దగ్గర హెల్త్ ఫుల్, బుల్లెట్లు ఫుల్, కాబట్టి "రష్ రష్" అంటాడు. వెనకాల ఒకడు బ్లూ జోన్‌లో కాలిపోతూ ఉంటాడు. వాడు చెప్పడు, చెప్తే తిడతారని. అందుకే రెండో వారం నుంచి మేం జోన్ మారే ప్రతిసారి ఆగి గేజ్ అడిగాం. ఆ మాటే వాడాం, "గేజ్?" అని. ఒక్కొక్కరు హెల్త్, బ్యాండేజ్‌లు, బుల్లెట్లు చెప్పాలి. అందరికంటే తక్కువ ఉన్నవాణ్ని బట్టే కొట్లాటకు పోవాలా, దాక్కోవాలా అని తేల్చేది. ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో పొచింకి దగ్గర ఇద్దరే మిగిలిన స్క్వాడ్ మా ముందు పరుగెడుతోంది. నా క్లాస్‌మేట్ వేళ్లు దురద పెడుతున్నాయి. తమ్ముడు అన్నాడు: "నాకు 30 ఉన్నది, బ్యాండేజ్ ఒక్కటే." తిరిగొచ్చాం. క్లాస్‌మేట్ ఆ రోజంతా అలిగాడు. నాకు మాత్రం వాడు తన హెల్త్ తక్కువని నోరు తెరిచి చెప్పడం ఆ రెండు కిల్స్ కంటే పెద్దదిగా తోచింది. కొత్తోడు "నాకు తక్కువ ఉంది" అని చెప్పలేని స్క్వాడ్‌లో లీడర్‌కి తన స్క్వాడ్ ఎంత బలంగా ఉందో తెలిసే దారే లేదు.

బాయిని, ఆటను ఒకటి చేస్తున్నానని అనుకోకండి. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అక్కడ లాబీకి తిరిగి రావడం ఉండదు. పెద్దనాన్న ముందు కూర్చుని "మేం కూడా స్క్వాడ్‌గా రిస్క్ తీసుకుంటాం" అంటే చెంప పగులుతుంది, పగలాలి కూడా. నేను తీసుకున్నది నేర్పే తీరు మాత్రమే.

తిట్ల గురించి ఒక్క మాట. మ్యాచ్ నడుస్తున్నప్పుడు ఎవరు చేసిన తప్పూ మాట్లాడకూడదని పెట్టుకున్నాం. అయ్యాక రెండు నిమిషాలు, అదీ ముందు ఫస్టియర్‌లే మాట్లాడాలి. సీనియర్ ముందు మాట్లాడితే వాళ్లు తలూపి ఊరుకుంటారు. ఇది మన ల్యాబ్ వైవాలో రోజూ చూసేదే.

మూడో వారంలో లీడర్ పని కూడా చేతులు మార్చాం. ఒక్కో మ్యాచ్ ఒక్కొక్కరు నడపాలి: ఎక్కడ దిగాలి, ఎప్పుడు కదలాలి, ఏ కొట్లాట వదిలెయ్యాలి. లీడర్ కానివాళ్లు సలహా ఇవ్వొచ్చు, కానీ లీడర్ ఒకసారి చెప్పాక వాదన బంద్. మంథని తమ్ముడి వంతు వచ్చింది. విమానం మిలిటరీ బేస్ మీదుగా పోతోంది. మ్యాప్‌లో రోజోక్ మీద మార్క్ పెట్టాడు. నేనైతే అక్కడ దిగను, దారుల మధ్యలో ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ వచ్చిపడతారు. నోటిదాకా వచ్చింది. అంతలో ఇయర్‌ఫోన్స్‌లో వాడి గొంతు: "అందరు నా ఎంబడి రాండ్రి. దిగినంక ముందుగాల గేజ్ చెప్పుండ్రి."

దూకాం.