కుక్కపిల్లకు నీళ్లు పోసేముందు

ప్రశ్న: ఇంటికి తెచ్చిన కుక్కపిల్లకు మొదటిసారి ఎప్పుడు నీళ్లు పోయవచ్చు?

జవాబు: ఎనిమిది వారాలు నిండాక పోయవచ్చు. అంతకుముందు పోయకూడదనడానికి కారణం ఒంటి వేడి. పెద్ద కుక్క ఒంట్లో వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పుట్టిన మొదటి వారంలో పిల్లకు అది 35–37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వణికి వేడి పుట్టించుకోవడం దానికి అప్పటికి చేతకాదు. తల్లి పొట్టకు, తోటి పిల్లలకు ఒదిగి పడుకునే వెచ్చదనం నిలుపుకుంటుంది. నాలుగు వారాలు వచ్చేసరికి ఈ లోపం చాలావరకు తీరుతుంది గానీ, తడిసిన ఒంటిని తట్టుకునేంత బలం ఇంకా రాదు.

పల్లెల్లో నాటుకుక్క పిల్లలు పెడితే మూడు నాలుగు వారాలకే అవి తలో ఇంటికీ చేరిపోతుంటాయి. అంత చిన్న పిల్ల ఎంత మురికిగా ఉన్నా దానికి స్నానం వద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే సరిపోతుంది. ఎనిమిది వారాలు దాటినా జ్వరం, వాంతులు, విరేచనాలు, నీరసం ఉన్న రోజుల్లో నీళ్లు పోయకూడదు. టీకా వేయించాక కూడా ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది.

ప్రశ్న: నీళ్లంటే భయం పట్టుకోకుండా ఎలా అలవాటు చేయాలి?

జవాబు: అలవాటు చేయవలసింది ముందు నీటిని కాదు, చేతిని. పాదం పట్టుకున్నా, చెవి ఎత్తినా, నోరు తెరిచినా బెదరని పిల్లకు నీళ్లు పోయడం పెద్ద పని కాదు. ఒంటి మీద చెయ్యి పడితేనే ముడుచుకుపోయే పిల్లను తెచ్చి చెంబెడు నీళ్లు గుమ్మరిస్తే, అది చేతినీ నీళ్లనూ కలిపి భయంగా గుర్తుపెట్టుకుంటుంది.

దీనికి ఒక వయసుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లాబొరేటరీలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి, గమనించి, 1965లో తమ పరిశీలనలను పుస్తకంగా వెలువరించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల కొత్త మనుషులను, చప్పుళ్లను, స్పర్శలను తేలిగ్గా తనవి చేసుకుంటుందని వారి పని చూపించింది. ఆ తర్వాత కూడా నేర్చుకుంటుంది, కానీ కొత్తదాన్ని చూస్తే ముందు జంకుతుంది. ఇంటికి వచ్చిన మొదటి నెల అంత విలువైనది అందుకే.

పిల్ల కడుపునిండా తిని, ఆడుకుని, కాస్త అలిసి ఉన్న వేళ చూసుకోవాలి. ముందరి పాదాన్ని ఒక్క క్షణం పట్టుకుని వదిలి, వెంటనే ఉడికించిన కోడిమాంసమో గుడ్డో శనగగింజంత ముక్క పెట్టాలి. స్పర్శ ముందు, ముక్క తర్వాత: ఈ వరస తప్పకూడదు. ముక్క చూపించి మభ్యపెట్టి పాదం పట్టుకుంటే, కొన్నాళ్లకు ముక్కను చూసినా అనుమానపడుతుంది. పాదం తర్వాత చెవి, తోక మొదలు, పెదవి. రోజూ రెండు మూడు నిమిషాలకు మించకుండా, పిల్ల ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపేయాలి.

పట్టుకోవడం అలవాటయ్యాక చోటు చూపించాలి. నీళ్లు లేని ఖాళీ తొట్టిలో దింపి, అందులోనే తినిపించాలి. టైల్స్, గ్రానైట్ నేల మీద తడి పాదం నిలవదు. కాళ్ల కింద పట్టు లేకపోవడమే చాలా పిల్లలను బెదరగొడుతుంది, ఆ భయాన్ని మనుషులు నీటి మీద వేస్తుంటారు. అడుగున తడిపిన గోనెసంచి గానీ రబ్బరు పట్టా గానీ పరిస్తే సగం పెనుగులాట తగ్గుతుంది. తర్వాత పక్కన బకెట్‌లోకి చెంబుతో నీళ్లు పోస్తూ ఆ చప్పుడు వినిపించాలి. ఆ తర్వాత తడిగుడ్డతో వీపు తుడవాలి. అంతా సవ్యంగా సాగితే వారం పది రోజుల్లో అసలు స్నానానికి రావచ్చు. బెదురు పిల్లకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, తొందరపెట్టకూడదు.

మొదటి స్నానానికి ఎండ పొద్దు మంచిది. నీళ్లు మోచేతి మీద పోసుకుంటే వెచ్చగా తగలాలి, వేడిగా తగలకూడదు. పాదాల నుంచి మొదలుపెట్టి కాళ్లు, పొట్ట, వీపు, చివరికి మెడ. పైపు పెట్టి కొట్టకుండా, చేత్తో అడ్డు పెట్టి చెంబుతో మెల్లగా జారవిడవాలి. ముఖం మీద నీళ్లు పోయనే కూడదు, పిండిన గుడ్డతో తుడవాలి. అయిదు నిమిషాల్లో ముగించాలి. మొదటిసారి కాళ్లు మాత్రమే తడిసినా నష్టం లేదు.

పిల్ల ఏమంటోందో ఒంటి తీరు చెబుతుంది. తోక కాళ్ల మధ్యకు పోవడం, చెవులు వెనక్కి వాల్చడం, పదేపదే పెదవులు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడడం, ఇవన్నీ భయానికి గుర్తులు. వీటన్నిటికంటే తరచుగా పొరబడేది బిగుసుకుపోయి కదలకుండా నిలబడడం విషయంలో. దాన్ని బుద్ధిమంతతనం అనుకుని మెచ్చుకుంటారు. అది తప్పించుకునే దారి లేదని తోచిన పిల్ల స్థితి. అలా కనబడితే ఆపి, మరునాడు ఒక మెట్టు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. కసరడం, మెడపట్టి అదిమిపెట్టడం వల్ల ఆ పూట స్నానం పూర్తవుతుంది, ఆ తర్వాత ఏడాదంతా ప్రతి స్నానం పోరాటమే అవుతుంది.

ప్రశ్న: ఊరి పక్కనే కాలువ ఉన్నప్పుడు పిల్లను అందులో దింపి కడగవచ్చా?

జవాబు: గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం మండలంలో ఈ ప్రశ్న రావడం సహజం. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బొబ్బర్లంక మీదుగా వచ్చే నీరు లొల్ల లాకులు దాటి కోనసీమకు పోతుంది. గేదెలు దిగేదీ, బట్టలు ఉతికేదీ అందులోనే. పెద్ద కుక్కలు ఈత కొట్టడం కూడా కళ్లముందే కనిపిస్తుంది. అయినా కుక్కపిల్లకు అది తగదు. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఎలుకలు, పశువుల మూత్రం ద్వారా నీటిలో, బురదలో చేరుతుంది. వరిచేల గట్లన్నీ ఎలుకల నివాసాలే. కంటి పొర, నోరు, చిన్న గీత పడిన చర్మం, ఎక్కడి నుంచైనా అది ఒంట్లోకి పోయి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జబ్బుపడిన కుక్క మూత్రం నుంచి మనుషులకూ సోకుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మిగిలే నిలవ నీరు మరింత చెడ్డది.

గట్టు మట్టిలో ఇంకో ప్రమాదముంది. పార్వో వైరస్ జబ్బు కుక్క మలం నుంచి నేలలో చేరి నెలల తరబడి బతికి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. లెప్టో టీకా కూడా వీటితో కలిపి దొరుకుతుంది, డెల్టాలో దాన్ని వదలకూడదు. ఈ వరస పూర్తయ్యేదాకా పిల్లను వీధి చూపించడానికి చంకన ఎత్తుకుని తిప్పడమే క్షేమం. లోకం చూస్తుంది, నేల తాకదు.

ప్రశ్న: కుంకుడు రసం, శనగపిండి, కొబ్బరినూనె, మనుషుల సబ్బు, వీటిలో ఏది వాడవచ్చు?

జవాబు: కుక్క చర్మం బలమైనదనే నమ్మకం తప్పు. మనిషి చర్మం పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే, కుక్కకు మూడు నుంచి అయిదే. మనిషి చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్కది తటస్థానికి దగ్గర. మనుషుల సబ్బు, షాంపూ అందుకే దాన్ని ఎండగట్టి దురద పుట్టిస్తాయి. కుక్కపిల్లల కోసం అమ్మే ఘాటు వాసన లేని షాంపూ కొద్దిగా నీళ్లలో కలిపి వాడడం మేలు. నురుగు పూర్తిగా పోయేదాకా కడగడం షాంపూ కంటే ముఖ్యం, మిగిలిపోయిన నురుగే చాలా దురదలకు మూలం.

కుంకుడు రసం కంట్లో పడితే మంట విపరీతం, ఒక్కసారి పడితే పిల్ల స్నానాన్ని మరిచిపోలేని కీడుగా లెక్కిస్తుంది. పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు శనగపిండి రుద్దితే అది బొచ్చులో చిక్కుకుని చీమలను పిలుస్తుంది. కొబ్బరినూనె విషం కాదు, కానీ ఒళ్లంతా పట్టిస్తే దుమ్ము అంటుకుంటుంది, నాకితే విరేచనాలవుతాయి. డెట్టాల్, ఫినాయిల్, కిరోసిన్, కర్పూరం కలిపిన నూనె ఎంత కొంచెమైనా కుక్కపిల్లకు తగలనివ్వకూడదు.

పొట్టి బొచ్చు పిల్లకు నెలకో, నెలన్నరకో ఒక స్నానం చాలు. బురద రోజుల్లో కాళ్లు మాత్రం కడిగి తుడవాలి.

ప్రశ్న: వానాకాలంలో బొచ్చు ఆరదు. వాసన వస్తోంది, చెవులు గీరుకుంటోంది.

జవాబు: గాలిలో తేమ ఎక్కువైన నెలల్లో కడగడం కంటే ఆరబెట్టడం పెద్ద పని. రెండు పొడి తువ్వాళ్లు సిద్ధంగా పెట్టుకుని అద్దాలి, గట్టిగా రుద్దకూడదు. చంకలు, గజ్జలు, వేళ్ల సందులు, చెవుల వెనుక, మెడపట్టీ కింద తడి నిలిస్తే ఈస్ట్, బాక్టీరియా పెరుగుతాయి. తర్వాత ఫ్యాన్ గాలి చాలు. మెడపట్టీ పూర్తిగా ఎండాకే తిరిగి వేయాలి.

కుక్క చెవి రంధ్రం నేరుగా లోపలికి పోదు. కిందికి దిగి, అక్కడ లోపలికి మలుపు తిరుగుతుంది. లోపల చేరిన నీరు బయటికి రాదు. స్నానానికి ముందు చెవి ద్వారంలో దూదిని వదులుగా పెట్టి, అయ్యాక తీసేయాలి. పుల్లకు దూది చుట్టి లోపల తిప్పితే గుబిలి మరింత కిందికి పోతుంది. కనబడినంతవరకే మెత్తని గుడ్డతో తుడవాలి. దుర్వాసన, గోధుమరంగు జిగురు, తల విదిలించడం, ఒక పక్కకు వాల్చడం ఉంటే వైద్యుడు చెవిలోకి చూసి చెప్పేదాకా ఏ చుక్కలూ వేయకూడదు. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే కొన్ని మందులు వినికిడినే పోగొడతాయి.

ప్రశ్న: గోమార్లు స్నానంతో పోతాయా?

జవాబు: పోవు. గోమారి (పిడుదు) చర్మంలోకి నోరు దించి పట్టుకుని ఉంటుంది, నీళ్లకు ఊడదు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. వేళ్లతో నలపకూడదు. గోడ పగుళ్లలో, మంచాల సందుల్లో గుడ్లు ఉంటాయి కాబట్టి పిల్ల పడుకునే చోటూ శుభ్రం కావాలి. గోమార్లు ఎర్లికియా, బబేసియా అనే రక్తపు జబ్బులు తెస్తాయి. జ్వరం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం వాటి లక్షణాలు.

గేదెల కోసం తెచ్చిన మందు నీళ్లలో కలిపి కుక్కపిల్లకు పోయడం ప్రాణం మీదికి తెస్తుంది. అమిట్రాజ్ లాంటివి నాలుగు నెలల లోపు పిల్లలకు వాడకూడదు. మెడ మీద చుక్కలుగా వేసే మందుకు ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం ఉండకూడదు, లేకపోతే మందు చర్మపు నూనెతో కలిసి ఒళ్లంతా పరుచుకోదు. ఏ మందైనా వయసు, బరువు చూసి వైద్యుడు ఇవ్వాలి.

ప్రశ్న: గోళ్లు, పళ్ల సంగతి?

జవాబు: మట్టి నేల మీద తిరిగే పిల్లకు గోళ్లు వాటంతట అవే అరుగుతాయి, టైల్స్ మీద పెరిగేదానికి అరగవు. లోపలివైపు పైన ఉండే గోరు నేలకు తగలదు కాబట్టి అది ఎక్కడ పెరిగినదైనా చూసుకోవాలి. తెల్లగోరులో గులాబీరంగు రక్తనాళం కనిపిస్తుంది, నల్లగోరులో కనిపించదు. కొనను కొద్దికొద్దిగానే కత్తిరించాలి. ఒక పూట ఒక్క గోరు తీసినా చాలు. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోవాలి.

పాలపళ్లు 28, నాలుగో నెల నుంచి ఊడడం మొదలై ఏడో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్లు సలిపే ఆ నెలల్లో బ్రష్ బలవంతం చేయకుండా, తడిగుడ్డ చుట్టిన వేలితో రుద్దడం అలవాటు చేయాలి. మనుషుల టూత్‌పేస్ట్ వద్దు. ఫ్లోరైడ్ మింగకూడదు, కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కకు విషం.

ప్రశ్న: బుద్ధిగా ఉన్నందుకు పూతరేకు ముక్క పెట్టవచ్చా?

జవాబు: 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు ప్రతి ఇంట్లో ఉంటుంది, పిల్ల ముందు తింటూ పెట్టకుండా ఉండడం కష్టమే. రేకు బియ్యపుపిండే, తంటా లోపలి నెయ్యి, పంచదారలతో. చిన్న పొట్టకు అవి విరేచనాలు తెస్తాయి. అదే పనిగా పెడితే క్లోమం వాస్తుంది. చాక్లెట్ రకం విషం. కిస్‌మిస్ ఉన్న ఏ మిఠాయి అయినా మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది, కాబట్టి పులుసు కలిపిన అన్నం కూడా కుక్కపిల్లకు పెట్టకూడదు.

ప్రశ్న: స్నానం చేయిస్తుంటే పిల్ల పన్ను గీసుకుంది. ఇంత చిన్నదానికి రేబిస్ ఉంటుందా?

జవాబు: ఉండవచ్చు, వయసు చిన్నదైనంత మాత్రాన భరోసా లేదు. తల్లి ఎక్కడిదో తెలియని పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. రక్తం రాకపోయినా చర్మం గీసుకుంటే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు అద్దకూడదు, కట్టు కట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దానిలోకి వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. పిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, తర్వాతి మోతాదుల తేదీలు పశువైద్యశాలలో కార్డు మీద రాయించుకోవాలి.