వార్ధక్యం – ధృతరాష్ట్రుని వీడ్కోలు

దుండిగల్ ప్రాంతంలో ప్రొద్దుననే ఆకాశంలో శిక్షణ విమానాల ధ్వని వినవస్తుంది. 1967లో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన వైమానిక దళ అకాడమీ ఇచ్చటనే ఉన్నది. ఇరువది యేండ్లు దాటీ దాటని యువకులు అక్కడ శిక్షణ ముగించుకొని అధికారులై వెడలుతారు. గోడకు ఈవల, అరుగుల మీద, ఒకప్పుడు చెలకలు దున్నిన పెద్దలు కూర్చుని ఉంటారు. నగరం పెరిగి వచ్చి ఆ చెలకలలో పెక్కింటిని ప్లాట్లుగా మార్చివేసినది. కొందరికి ధనం వచ్చినది, తిండికి లోటు లేదు. కాని “ఇక నాతో ఎవరికేమి పని?” అన్న ప్రశ్న ముద్ద మ్రింగనీయదు.

ఈ ప్రశ్న నేటిది కాదు. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పాండవుల యింట పదునైదేండ్లు గడిపినాడు. ధర్మరాజు ఆయనను రాజువలెనే గౌరవించినాడు. ఏ లోటూ రానీయలేదు. అయినను భీముడు చాటుమాటుగా పలికిన ములుకులు ఆ వృద్ధుని గుండెలో దిగినవి. ఆయన ఎవరికీ చెప్పక, కటికనేలపై శయనిస్తూ, ఆహారం తగ్గించుకొన్నాడు. గాంధారికి తప్ప ఆ సంగతి మరెవరికీ తెలియదు. మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చినది. దానిని అనుసరించి బిడ్డల నుండి జీవనభృతి కోరవచ్చును. మంచిదే. కాని ధృతరాష్ట్రునకు కొరవడినది భృతి కాదు గదా!

భాగవతంలో విదురుడు అన్నగారిని కఠినంగానే మేల్కొలుపుతాడు: కొడుకులను చంపినవాని చేతికూడు తింటూ ఇంకా బ్రతుకు మీద ఆశయా అని. ఈ వ్యాసకర్తకు మాత్రం భారతంలోని ఆశ్రమవాస పర్వమే ఎక్కువ ఉపకరించునని తోచును. తిక్కన సోమయాజి తెనిగించిన ఆ కథలో వృద్ధరాజు చెప్పకుండ వెడలిపోడు. ధర్మరాజు అనుమతి కోరుతాడు. ధర్మరాజు మొదట ఒప్పుకొనడు. వ్యాసభగవానుడు వచ్చి నచ్చజెప్పవలసి వచ్చినది. వెడలేముందు ధృతరాష్ట్రుడు రాజనీతి ఉపదేశించినాడు. పౌరులను పిలిపించి, తన కుమారుని వలన జరిగిన అపరాధాలను మన్నింపుడని వేడుకొన్నాడు. చనిపోయిన వారికి శ్రాద్ధాలు పెట్టినాడు. ధనమిచ్చుటకు భీముడు అడ్డుపడినను, అర్జునుడు, ధర్మరాజు సమ్మతించినారు.

ఆధునిక మనశ్శాస్త్రం ఇదే విషయాన్ని తన పరిభాషలో చెప్పినది. ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ప్రకటించిన గ్రంథంలో జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించినాడు. చివరి దశలో సమగ్రతకు, నిరాశకు మధ్య పెనుగులాట జరుగునన్నాడు. తాను గడపిన జీవితాన్ని, దాని లోటుపాట్లతో సహా, తనదిగా అంగీకరించగలుగుటయే సమగ్రత. 1963లో రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు మరొక ముఖ్యమైన మాట చెప్పినాడు. ముసలివారు గతాన్ని పదేపదే తలచుకొనుట మతి తప్పుటకు గుర్తు కాదు. అది జీవితాన్ని సమీక్షించుకొనే సహజవ్యాపారం. పాతకథ మళ్ళీ మొదలుపెట్టగానే విసుగుకొనే మనం ఈ మాట గుర్తుంచుకొనదగును. అయితే ఆ సమీక్ష అందరికీ శాంతినే ఇస్తుందని బట్లర్ అనలేదు. కొందరిని పశ్చాత్తాపం క్రుంగదీయును కూడ. వినేవాడు ఒకడుండుట అందుకే అవసరం.

కుంతి సంగతి వేరు. ఆమె కొడుకులు గెలిచినారు, రాజ్యం వచ్చినది. అయినను కొడుకులు ఎంత బ్రతిమాలినను నిలువక, అత్తమామల వంటివారైన గాంధారీ ధృతరాష్ట్రులను సేవించుటకై అడవికి నడచినది. తనకు మిగిలిన పనిని ఆమె ఎవరినీ అడుగలేదు, తానే ఎంచుకొన్నది.

అందరూ అడవికి పోనక్కరలేదు. దుండిగల్‌లో అడవియైనా ఎంత మిగిలినదని! అరుగుమీది పెద్దను మనుమడు “తాతా, మన మోటబావి ఏడుండె?” అని అడిగి చూడవలె. ఆయన చేతికర్ర పుచ్చుకొని లేస్తాడు. హద్దురాళ్ళ నడుమ నడిచి చోటు చూపుతాడు. ఏ మూల జొన్న బాగా పండేదో, గట్టు కోసం ఎవరితో తగవు వచ్చినదో చెబుతాడు. కొంతసేపాగి, ఆ తగవులో తప్పు తనదేనని కూడ చెప్పవచ్చును.