గ్రూప్ కలిస్తే సరిపోదా?

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని, డాక్టర్‌ని కాదు. చదివిందంతా ఇంగ్లీష్ మీడియం, కాబట్టి తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

మా పిన్ని కూతురికి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మొన్న తన గ్రూప్ రక్తమే, బి పాజిటివ్, బ్లడ్ బ్యాంకులో ఉంది. కానీ క్రాస్‌మ్యాచ్ కుదరలేదు. పాప ఒంట్లో 'ఇ' అనే యాంటిజెన్‌కి యాంటీబాడీ తయారైందట. సరిపడే రక్తం దొరికేసరికి రెండు రోజులు పట్టింది. "గ్రూప్ ఒకటే కదరా, మరి ఎందుకు పడదు?" అని పిన్ని అడిగితే నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే ఇది.

బి పాజిటివ్ అంటే మనం చెప్పేది రెండే విషయాలు: ఏబీఓ గ్రూప్ ఏది, ఆర్‌హెచ్ 'డి' ఉందా లేదా. కానీ ఎర్ర రక్తకణాల మీద ఇప్పటిదాకా 300కు పైగా యాంటిజెన్లను గుర్తించారు. అంటే రెండు ఫీల్డులు పోల్చి చూసి, రికార్డు మొత్తం కలిసిందని అనుకోవడం లాంటిదన్నమాట.

తేడా కూడా చాలా చిన్నది. ఒక ఆర్‌హెచ్ ప్రోటీన్‌లో 226వ స్థానంలో ప్రోలిన్ ఉంటే పెద్ద 'ఇ', అలనిన్ ఉంటే చిన్న 'ఇ'. జన్యువులో ఒక్క అక్షరం తేడా! పాపకి పెద్ద 'ఇ' లేదు. అది ఉన్న రక్తం ఎక్కితే శరీరానికి కొత్తగా కనిపిస్తుంది.

అయితే ఇలా ఎక్కించుకున్న అందరికీ యాంటీబాడీలు రావు. ఎందుకని? ఇక్కడ పేషెంట్ జన్యువులు కూడా లెక్కలోకి వస్తాయి. 6వ క్రోమోజోమ్ మీద హెచ్ఎల్ఏ జన్యువులుంటాయి. అవి తయారుచేసే ప్రోటీన్లు, బయటినుంచి వచ్చిన ప్రోటీన్ ముక్కల్ని పట్టుకుని టి కణాలకు చూపిస్తాయి. ముక్క గాడిలో సరిగ్గా కూర్చోకపోతే టి కణాలకు అది కనిపించదు. కూర్చుంటే, టి కణాల సాయంతో బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఈ గాడి ఆకారం మనిషి మనిషికీ మారుతుంది. ఉదాహరణకి, డఫీ-ఎ యాంటిజెన్‌కి యాంటీబాడీ వచ్చినవాళ్లలో హెచ్ఎల్ఏ-డిఆర్4 రకం ఎక్కువగా కనిపించింది. అలాగని జన్యువులే అంతా కాదు. ఎన్నిసార్లు రక్తం ఎక్కించారు, ఆ సమయంలో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందా అన్నవి కూడా ముఖ్యమే.

ఇంకో చిక్కుంది. యాంటీబాడీ కొన్నాళ్లకి టెస్టులో దొరకనంతగా తగ్గిపోవచ్చు. కానీ జ్ఞాపక కణాలు మర్చిపోవు. మళ్లీ అదే యాంటిజెన్ వస్తే కొద్దిరోజుల్లోనే యాంటీబాడీలు పెరిగి, ఎక్కించిన కణాలు నాశనమవుతాయి. అందుకే తరచూ రక్తం అవసరమయ్యేవాళ్లకి మొదటిసారి ఎక్కించకముందే మిగతా ఆర్‌హెచ్, కెల్ యాంటిజెన్లు కూడా చూడటం మంచిది. యాంటీబాడీ వస్తే, ఏ ఆసుపత్రికెళ్లినా ఆ సంగతి చెప్పాలి.

ఇదంతా పిన్నికి చెప్పాను. హెచ్ఎల్ఏ దగ్గర "సరేలే" అంది గానీ, పాప ఫైల్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో "పెద్ద ఇ పడదు" అని రాసుకుంది.

మన కాలేజీలో బ్లడ్ క్యాంప్ పెట్టినప్పుడు "నాది కామన్ గ్రూపే కదా, నేనెందుకు" అనుకోకండి. ఎక్కువమంది ఇస్తేనే, అందులోంచి ఒకరికి పడే ఒక్క బ్యాగ్ దొరుకుతుంది.