లక్షద్వీపాలకు చలి ఎందుకు సోకదు?

జనవరి మాసంలో ఢిల్లీ పౌరుడు ఉన్ని దుస్తులు లేనిదే గడప దాటడు. అదే వేళ లక్షద్వీపాలలోని మినికాయ్ వాసికి నూలు బట్టలే చాలు. మినికాయ్ భూమధ్యరేఖకు 8 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. డిసెంబరు చివరివారంలో సైతం మధ్యాహ్న సూర్యుడు అచ్చట 58 డిగ్రీల ఎత్తున నిలుస్తాడు. ఢిల్లీలో ఆ ఎత్తు 38 డిగ్రీలే.

అయితే ఇది సగం కారణం మాత్రమే. తక్కిన సగం సముద్రానిది. ఒక కిలో పొడి మట్టిని ఒక డిగ్రీ వేడి చేయడానికి పట్టే ఉష్ణం కంటె, అంతే నీటికి సుమారు అయిదు రెట్లు కావాలి. పైగా నేలలో ఎండ వేడిమి పై పొరలోనే ఆగి, రాత్రికి వెలుపలికి పోతుంది. నీటిలో వెలుతురు ఎన్నో మీటర్లు దిగుతుంది. అలలు ఆ వేడిని మరింత లోతుకు కలుపుతాయి. పైనీరు చల్లబడితే బరువెక్కి కిందికి జారుతుంది, దాని స్థానాన్ని వెచ్చని నీరు ఆక్రమిస్తుంది. కనుక జనవరిలోనూ అక్కడి సముద్రం 28 డిగ్రీల చేరువలో ఉంటుంది. ఏ దిక్కు గాలి అయినా ఆ నీటి మీదుగా రావలసిందే గదా!

ఆ దీవులను నిర్మించిన పగడపు జీవులకు ఈ వెచ్చదనమే ప్రాణం. కాని హద్దు బహు ఇరుకైనది. వేసవి గరిష్ఠం కంటె ఒక డిగ్రీ హెచ్చి కొన్ని వారాలు నిలిస్తే చాలు, అవి తమలోని సూక్ష్మమైన నాచును వెళ్లగొట్టి తెల్లబారుతాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీపాలలో జరిగినది ఇదే. పగడపు దిబ్బ క్షీణిస్తే అలల తాకిడిని ఆపేది మరొకటి లేదు. ఆ దీవులు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నాయి.